పాన్ ఒక్కటే, జీఎస్టీ నంబర్లు రెండు: బిల్లులో కోసిన డబ్బు ఎక్కడ వెతకాలి

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో చిన్న సివిల్ పనులు చేసే కాంట్రాక్టరు ఒక సర్కారీ ఆఫీసుకు మూడు లక్షల పని చేశాడనుకుందాం. 18 శాతం జీఎస్టీ 54,000 కలిపి బిల్లు 3,54,000. బ్యాంకులో పడేది మాత్రం 3,27,000. మధ్యలో తగ్గిన 27,000ను చాలామంది "కటింగ్" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. పుస్తకంలో కూడా 3,27,000 జమ అని ఒకే లైను రాసి ఊరుకుంటారు. ఏడాది చివర ఆడిటర్ గారి దగ్గర తేలని లెక్కల్లో సగం ఇక్కడివే.

ఆ 27,000ను విడదీస్తే ఇలా వస్తుంది. ఆదాయపు పన్ను టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే కోసే పన్ను) 1 శాతం, 3,000. జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 6,000. లేబర్ సెస్ 1 శాతం, 3,000. సెక్యూరిటీ డిపాజిట్ 5 శాతం అనుకుంటే 15,000. నాలుగూ నాలుగు దారులు పడతాయి. మొదటిది మీ పాన్ మీద కోసిన పన్నులన్నీ చూపే 26ఏఎస్‌లో కనబడి, రిటర్న్ వేసినప్పుడు పన్నులో తగ్గుతుంది. రెండోది జీఎస్టీ పోర్టల్‌లో మీ క్యాష్ లెడ్జర్‌కి, అంటే నగదు ఖాతాకి, రావాలి. మూడోది తిరిగి రాదు, ఖర్చు కింద రాసుకోవాల్సిందే. నాలుగోది ఆ ఆఫీసు మీకు పడ్డ బాకీ, గడువు తీరాక అడిగి తెచ్చుకోవాలి. మీ టర్నోవర్ మాత్రం మూడు లక్షలు. 3,27,000 కాదు, 3,54,000 కూడా కాదు.

టీడీఎస్ మూడు లక్షల మీదే ఎందుకంటే, బిల్లులో జీఎస్టీని విడిగా చూపితే ఆ భాగం మీద ఆదాయపు పన్ను కోయనక్కర్లేదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) 2017లో 23వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. "అన్ని పన్నులతో సహా" అని ఒకే అంకె వేసి బిల్లు పెడితే అవతలి పార్టీ మొత్తం మీద కోస్తుంది. అప్పుడు 540 రూపాయలు ఎక్కువ పోతుంది. అది ఎలాగూ రిటర్న్‌లో తిరిగొస్తుంది కాబట్టి పెద్ద నష్టం కాదు. అసలు చిక్కు వేరే ఉంది. 26ఏఎస్‌లో మీ రాబడి 3,54,000 అని, జీఎస్టీ రిటర్న్‌లో 3,00,000 అని పడుతుంది. ఈ తేడా ఏమిటని అడిగితే చూపడానికి బిల్లువారీ పట్టిక ఒకటి ముందే రాసి ఉంచుకోవాలి.

ఒక శాతమా, రెండు శాతమా

కాంట్రాక్టు పనులకు 194సీ సెక్షన్. వ్యక్తికి, హిందూ అవిభక్త కుటుంబానికి 1 శాతం, భాగస్వామ్య సంస్థకు, కంపెనీకి 2 శాతం. కోసే గుమాస్తా మీ దుకాణం బోర్డు చూసి లెక్క కట్టడు. పాన్‌లో నాలుగో అక్షరం చూస్తాడు. అది పీ అయితే వ్యక్తి, హెచ్ అయితే అవిభక్త కుటుంబం, ఎఫ్ అయితే ఫర్మ్, సీ అయితే కంపెనీ.

అన్నదమ్ములిద్దరు కలిసి ఫర్మ్ పెట్టి, వర్క్ ఆర్డర్ ఫర్మ్ పేరు మీద తీసుకుని, ఆఫీసులో మాత్రం అన్న పాత పాన్ కాపీయే ఇచ్చేస్తుంటారు. కోత 1 శాతమే కదా, లాభమే అనిపిస్తుంది. ఆదాయం ఫర్మ్‌ది, టీడీఎస్ అన్నగారిది. ఫర్మ్ రిటర్న్‌లో ఆ క్రెడిట్ అడిగితే రాదు, అన్న రిటర్న్‌లో ఆ ఆదాయమే లేదు. పాన్ సరిచేయమని కోసిన పార్టీనే అడగాలి, ఆ పార్టీ తన టీడీఎస్ రిటర్న్ సవరించాలి. అది బిల్లు పాసయ్యే ముందు ఒక కాగితంతో పోయే పని. తర్వాతైతే నెలలు పడుతుంది.

పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. ఆధార్‌తో కలపక పాన్ చెల్లకుండా పోయినా అంతే. మూడు లక్షల బిల్లుకు 3,000 పోవాల్సిన చోట 60,000 పోతుంది. ఊళ్లో మేస్త్రీలకు, లేబర్ కాంట్రాక్టర్లకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే.

తగాదాలు రేపే ఇంకో లెక్క ఉంది. ఒక్క చెల్లింపు 30,000 దాటితే కోయాలి. లేదా ఏడాది మొత్తం లక్ష దాటితే కోయాలి. నెలకు 25,000 బిల్లు పెట్టేవారికి నాలుగు బిల్లుల దాకా కోత ఉండదు. అయిదో బిల్లుతో మొత్తం 1,25,000 అవుతుంది, అప్పుడు మొత్తం మీద 1 శాతం, అంటే 1,250 ఒకేసారి కోస్తారు. 25,000 బిల్లులో 1,250 పోయేసరికి "అయిదు శాతం కోశారు" అని కౌంటర్ దగ్గర గొడవ. కోసింది సరిగ్గానే కోశారు.

కోతే వద్దని 15జీ ఫారం నింపి తీసుకెళ్లేవారూ ఉన్నారు. అది బ్యాంకు వడ్డీ లాంటి వాటికి పనికొస్తుంది గానీ కాంట్రాక్టు బిల్లుకు పనికిరాదు. తక్కువ కోయాలంటే ఫారం 13 వేసి, అసెసింగ్ ఆఫీసర్ దగ్గర 197 సెక్షన్ కింద సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఏడాదికి పది పదిహేను లక్షల పనులు చేసేవారికి అంత తిప్పలు దండగ. రిటర్న్ వేసి రిఫండ్ తీసుకోవడమే సుళువు.

ఆ రిఫండ్ చిన్నదేం కాదు. ఏడాదికి 20 లక్షల పని, డబ్బంతా బ్యాంకు ద్వారానే వచ్చిందనుకోండి. చిన్న వ్యాపారులు అంచనా ఆదాయం చూపే 44ఏడీ సెక్షన్ కింద కనీసం 6 శాతం ఆదాయం చూపాలి, అంటే 1,20,000. వేరే ఆదాయం లేకపోతే దాని మీద పన్ను సున్నా. కోసిన 20,000 మొత్తం వెనక్కి వస్తుంది. రిటర్న్ వెయ్యకపోతే మాత్రం అది సర్కారు దగ్గరే ఉండిపోతుంది. "నాకు పన్ను పడదు, రిటర్న్ ఎందుకు" అనేవాళ్లు వదులుకుంటున్నది ఈ డబ్బే.

16ఏ కాగితాన్ని ఎలా చదవాలి

టీడీఎస్ కోసిన పార్టీ మూడు నెలలకోసారి తన రిటర్న్ వేస్తుంది. ఏప్రిల్-జూన్‌కు జులై 31, జులై-సెప్టెంబర్‌కు అక్టోబర్ 31, అక్టోబర్-డిసెంబర్‌కు జనవరి 31, జనవరి-మార్చికి మే 31 గడువు. ఆ తర్వాత పదిహేను రోజుల్లో మీకు 16ఏ అనే కోత సర్టిఫికెట్ ఇవ్వాలి. అందుకే ఆగస్టు, నవంబర్, ఫిబ్రవరి, జూన్ నెలల్లో 15వ తేదీ దాటాక ఒకసారి 26ఏఎస్ తెరిచి చూసుకోవాలి. మార్చి బిల్లుల కోత అసలు కనబడేదే మే చివర, జూన్ మొదట్లో. ఏప్రిల్‌లోనే తొందరపడి రిటర్న్ వేసేస్తే చివరి మూడు నెలల క్రెడిట్ పోగొట్టుకున్నట్టే.

అసలు 16ఏ ఆదాయపు పన్ను శాఖ వారి ట్రేసెస్ సైట్ నుంచి దిగుతుంది. పైన సర్టిఫికెట్ నంబరు, కోసిన పార్టీ పేరు, దాని టాన్ (పన్ను కోసేవారికి ఇచ్చే నంబరు), మీ పాన్, ఏ త్రైమాసికం అన్న వివరాలు ఉంటాయి. కింద పట్టికలో చలాన్ వివరాలు: బ్యాంకు శాఖకు ఏడంకెల బీఎస్‌ఆర్ కోడ్, కట్టిన తేదీ, చలాన్ క్రమసంఖ్య. సర్కారీ ఆఫీసులు ట్రెజరీ ద్వారా పుస్తక సర్దుబాటుతో కడితే చలాన్ బదులు 24జీ రసీదు నంబరు ఉంటుంది. పార్టీ తన కంప్యూటర్‌లో టైపు చేసి ముద్ర కొట్టి ఇచ్చే కాగితం 16ఏ కాదు. కోశామని ఒప్పుకున్నట్టు రుజువుగా మాత్రం దాన్ని దాచుకోండి, పనికొస్తుంది.

26ఏఎస్ చూడాలంటే ఆదాయపు పన్ను పోర్టల్‌లో లాగిన్ అయి, ఈ-ఫైల్, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్, వ్యూ ఫారం 26ఏఎస్ వరుసలో వెళ్లండి. ట్రేసెస్ తెరుచుకుంటుంది, సంవత్సరం ఎంచుకుంటే చాలు. ప్రతి లైనులో ఒక స్టేటస్ అక్షరం ఉంటుంది. ఎఫ్ ఉంటే నిశ్చింత. యూ ఉంటే పార్టీ చెప్పిన చలాన్ దొరకలేదని, పీ ఉంటే సర్కారీ కోత ఇంకా ఖరారు కాలేదని, ఓ ఉంటే చలాన్‌లో ఉన్న మొత్తం కంటే ఎక్కువ పంచి రాశారని అర్థం. యూ, ఓ రెండూ అవతలి పార్టీ చేసిన పొరపాట్లే, దిద్దాల్సింది వాళ్లే.

లైనే లేకపోతే? మూడు కారణాల్లో ఒకటి: పార్టీ కోసి కట్టలేదు, కట్టి రిటర్న్ వెయ్యలేదు, లేదా వేసి పాన్ తప్పు కొట్టింది. ఆఫీసు బడబాబును (హెడ్ గుమాస్తాను) నోటిమాటగా అడిగితే "చూస్తాం" అంటాడు, అంతే. రాతలో ఇవ్వండి. బిల్లు నంబరు, తేదీ, పని విలువ, కోసిన మొత్తం, మీ పాన్, ఏ త్రైమాసికం, ఏం సరిచేయాలో ఒకే పేజీలో రాసి, కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. టీడీఎస్ రిటర్న్‌లు చాలా ఆఫీసుల్లో బయటి ఆపరేటరే వేస్తాడు. మీ కాగితం అతని దాకా వెళ్లాలంటే అంకెలన్నీ అందులోనే ఉండాలి.

పోర్టల్‌లోని ఏఐఎస్ (ఏడాది ఆర్థిక సమాచార పట్టిక)లో "ఈ సమాచారం తప్పు" అని ఫీడ్‌బ్యాక్ పెడితే టీడీఎస్ క్రెడిట్ సరవుతుందనుకోవద్దు. అది సమాచారం గురించి మీ అభిప్రాయం మాత్రమే. క్రెడిట్ రావాలంటే పార్టీ తన రిటర్న్ సవరించాలి.

పార్టీ కోసి కూడా ఖజానాకు కట్టకపోతే, కోసిన మేరకు పన్ను మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని 205 సెక్షన్ చెబుతుంది. కానీ కంప్యూటర్ ఆ సెక్షన్ చూడదు, 26ఏఎస్ చూసి డిమాండ్ పంపుతుంది. అప్పుడు చేతిలో ఉండాల్సింది కోత స్పష్టంగా రాసి ఉన్న బిల్లు వోచరు, తగ్గిన మొత్తం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్.

ఏడాది మారే చోట ఇంకో మెలిక. మిల్లులు, కంపెనీలు బిల్లును మార్చి 31న పుస్తకాల్లో ఎక్కించి అప్పుడే టీడీఎస్ కోస్తాయి, డబ్బు మేలో ఇస్తాయి. మీరు డబ్బొచ్చిన తేదీ పట్టుకుని ఆదాయం తర్వాతి ఏడాదిలో రాస్తే 26ఏఎస్‌తో కలవదు. అడ్వాన్సుల విషయంలో దీనికి తిరగేసిన లెక్క: ఫిబ్రవరిలో అయిదు లక్షల అడ్వాన్సు మీద 5,000 కోశారు, పని బిల్లు జూన్‌లో. ఆ ఆదాయం చూపని ఏడాది ఆ 5,000 అడగకండి. రిటర్న్‌లోని టీడీఎస్ షెడ్యూల్‌లో ముందుకు తీసుకెళ్లే గడి ఉంటుంది, అందులో పెట్టండి. ఆదాయం పాత ఏడాదిలో చూపేశాక కోత తర్వాతి ఏడాది పడితే అందుకు ఫారం 71 ఉంది. కోసిన ఆర్థిక సంవత్సరం ముగిసిన రెండేళ్లలోపు వేయాలి.

ఏటికి అటూ ఇటూ

ఆదాయపు పన్నుకు రాష్ట్రం పట్టింపు లేదు. ఆంధ్రా వైపు పాతపట్నంలో కోసినా ఒడిశా వైపు పర్లాకిమిడిలో కోసినా ఒకే పాన్, ఒకే 26ఏఎస్. జీఎస్టీ అలా కాదు. నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది అక్షరాలు మీ పానే. రాయగడలో దుకాణం, పార్వతీపురంలో గోడౌన్ ఉంటే నంబర్లు రెండు, క్యాష్ లెడ్జర్లు రెండు, రిటర్న్‌లు రెండు. సరిహద్దులో మన వాళ్లకు ఎక్కువ డబ్బు ఇరుక్కుపోయేది ఇక్కడే.

సర్కారీ శాఖలు, మున్సిపాలిటీలు, ప్రభుత్వ రంగ సంస్థలు జీఎస్టీ టీడీఎస్ 2 శాతం కోస్తాయి. కాంట్రాక్టు విలువ, పన్ను కాకుండా, రెండున్నర లక్షలు దాటితేనే. చూడాల్సింది బిల్లు విలువ కాదు, కాంట్రాక్టు విలువ. నాలుగు లక్షల ఆర్డర్‌లో 50,000 బిల్లు పెట్టినా వెయ్యి కోస్తారు. ఇనుప తుక్కు అమ్మేవారు ఇంకో సంగతి గమనించాలి: 2024 అక్టోబర్ 10 నుంచి లోహపు తుక్కును రిజిస్టర్డ్ వ్యాపారి కొన్నా ఈ 2 శాతం కోత ఉంది.

పాతపట్నం వ్యాపారి, అంటే 37 నంబరు, పర్లాకిమిడి ఆఫీసుకు సామాను పంపితే అది రాష్ట్రాల మధ్య సరఫరా. బిల్లులో రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే ఐజీఎస్టీ, కోత కూడా ఐజీఎస్టీ కిందే 2 శాతం. అదే ఒడిశా ఆఫీసు విశాఖలో శిక్షణ పెట్టి అక్కడి హోటల్‌లో గదులు తీసుకుంటే హోటలూ ఆంధ్రాలోనే, సేవ అందిన చోటూ ఆంధ్రాలోనే, ఆఫీసు రిజిస్ట్రేషన్ మాత్రం ఒడిశాలో. అప్పుడు కోయకూడదు. చట్టంలోనే 51 సెక్షన్‌లో ఈ మినహాయింపు ఉంది. అయినా కోసేస్తుంటారు, ఎందుకంటే బిల్లు సాఫ్ట్‌వేర్‌లో 2 శాతం దానంతట అదే పడుతుంది.

కోసిన ఆఫీసు తర్వాతి నెల 10లోపు కోతల రిటర్న్ జీఎస్‌టీఆర్-7 వేస్తుంది. ఆ తర్వాతి పని మీది. పోర్టల్‌లో సర్వీసెస్, రిటర్న్స్, "టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్" తెరిచి, నెల ఎంచుకుని, ఒక్కో లైనును యాక్సెప్ట్ చేసి, ఫైల్ చేయాలి. యాక్సెప్ట్ నొక్కి ఓటీపీతో ఫైల్ చేయకుండా బయటికొస్తే డబ్బు లెడ్జర్‌కి చేరదు. చేరాక అది నగదు కిందే లెక్క. జీఎస్టీ రిటర్న్ 3బీ వేసినప్పుడు పన్ను కట్టుకోవచ్చు, మిగిలితే రిఫండ్ అడగొచ్చు. వచ్చేది క్యాష్ లెడ్జర్‌లో కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ లెడ్జర్‌లో వెతికి రాలేదని కంగారు పడొద్దు.

ఆఫీసు మీ 21 నంబరుకు బదులు 37 నంబరు మీద వేసేసిందా, ఆ లైనును రిజెక్ట్ చేయండి. అది తిరిగి వాళ్ల దగ్గరికి వెళ్తుంది, సరిచేసి మళ్లీ పంపుతారు. "రెండూ మనవే కదా" అని యాక్సెప్ట్ చేస్తే ఆంధ్రా లెడ్జర్‌లో పడిన డబ్బుతో ఒడిశా పన్ను కట్టలేరు. ఒకే పాన్ మీది నంబర్ల మధ్య సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఐజీఎస్టీ నగదును పీఎంటీ-09 ఫారంతో మార్చుకునే వీలు 2022 నుంచి వచ్చింది గానీ, పంపే నంబరు మీద కట్టాల్సిన బాకీలేవీ ఉండకూడదు.

కొనుగోళ్లలోనూ ఇదే జాగ్రత్త. పర్లాకిమిడి కాంట్రాక్టరు 21 నంబరు ఇచ్చి పాతపట్నంలో హార్డ్‌వేర్ కొంటే, షాపువాడు అలవాటుగా రాష్ట్రం లోపలి అమ్మకంలా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) వేసి ఇస్తాడు. ఆంధ్రా ఎస్‌జీఎస్టీ ఒక్కటే కాదు, దాంతో వచ్చిన సీజీఎస్టీ కూడా ఒడిశా నంబరులో ఇన్‌పుట్‌గా రాదు. సామాను ఒడిశా సైటుకు చేరేలా ఐజీఎస్టీ బిల్లు రాయించుకోవాలి. షాపువాడు కాంపోజిషన్‌లో, అంటే అమ్మకాల మీద గంపగుత్తగా తక్కువ పన్ను కట్టే పథకంలో, ఉంటే సరిహద్దు దాటించి అమ్మడానికే వీల్లేదు.

లారీ వాళ్లు, ఆన్‌లైన్ వాళ్లు

పది లేదా అంతకంటే తక్కువ సరుకు వాహనాలున్న లారీ యజమాని పాన్‌తో పాటు ఆ మాట రాసిచ్చిన డిక్లరేషన్ ఇస్తే కిరాయి మీద టీడీఎస్ ఉండదు. ప్రతి పార్టీకి, ప్రతి ఆర్థిక సంవత్సరానికి కొత్తగా ఇచ్చేయడం మంచిది. ఏడాదిలో ఏ ఒక్క రోజు పదకొండో బండి మీ పేరు మీద ఉన్నా ఇది చెల్లదు.

బరంపురం పట్టు చీరలో, ఇంకో సరుకో ఆన్‌లైన్ సైట్లలో అమ్మేవారికి రెండు కోతలు పడొచ్చు. ఆదాయపు పన్ను 0.1 శాతం, ఇది 2024 సెప్టెంబర్ దాకా 1 శాతం ఉండేది. జీఎస్టీ టీసీఎస్ (అమ్మిపెట్టే సైటు పట్టుకునే పన్ను) 0.5 శాతం, వాపసులు తీసేసిన నికర అమ్మకం మీద. లక్ష అమ్మితే వందా, అయిదు వందలూ. చిన్న అంకెలే, కానీ బ్యాంకులో పడేది కమీషన్, కొరియర్ కూడా పోగా మిగిలింది. ఆ మిగులునే అమ్మకంగా రాసుకుంటే ఏఐఎస్‌లోని స్థూల అమ్మకంతో ఎప్పటికీ కలవదు. దుకాణం గల్లా మీద పెట్టిన యూపీఐ క్యూఆర్‌కు మాత్రం ఈ కోతలేవీ లేవు.

మీరే కోయాల్సి వస్తే

వ్యక్తి లేదా అవిభక్త కుటుంబం పేరు మీద నడిచే వ్యాపారం ముందటి ఏడాది కోటి దాటిందంటే ఈ ఏడాది సబ్ కాంట్రాక్టరుకు, ఆడిటర్‌కు, గోడౌన్ అద్దెకు మీరే కోయాలి. దానికి టాన్ తీసుకోవాలి, తర్వాతి నెల 7వ తేదీలోపు చలాన్ 281తో కట్టాలి, మార్చివి ఏప్రిల్ 30లోపు. త్రైమాసికానికి 26క్యూ వేయాలి. ఆడిటర్ ఫీజు ఏడాదికి 50,000 దాటితే 10 శాతం, గోడౌన్ అద్దె నెలకు 50,000 దాటితే 10 శాతం. ఈ హద్దులు 2025 ఏప్రిల్ నుంచి పెరిగినవి.

ఒక్కరోజు ఆలస్యం ఎంత ఖరీదో చూడండి. జూన్ 25న కోశారు, జులై 7లోపు కట్టాలి, 8న కట్టారు. వడ్డీ నెలకు 1.5 శాతం, నెలలో ముక్కైనా పూర్తి నెలే. కోసిన తేదీ నుంచి లెక్క, కాబట్టి జూన్ ఒకటి, జులై ఒకటి, 3 శాతం. రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 200, కోసిన మొత్తం దాకా. అసలు కోయకపోతే ఆ ఖర్చులో 30 శాతాన్ని ఆదాయంలో కలిపేస్తారు. పది లక్షల సబ్ కాంట్రాక్టు మీద మూడు లక్షలు అదనపు ఆదాయంగా పడితే ఆ పన్ను, కోయకుండా మిగుల్చుకున్న పదివేల కంటే చాలా ఎక్కువ.

2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది. 194తో మొదలయ్యే సెక్షన్లన్నీ జీతాలు కాని కోతలకు ఒకే 393వ సెక్షన్‌లోకి చేరాయి, అసెస్‌మెంట్ ఇయర్ మాట పోయి ట్యాక్స్ ఇయర్ వచ్చింది. ఇక్కడ పాత నంబర్లే వాడాం, ఎందుకంటే 2025-26 బిల్లుల సర్టిఫికెట్లు, రిటర్న్‌లు పాత చట్టం కిందే నడుస్తాయి. మార్చిలో కోసిన బిల్లు ఒకటి, ఏప్రిల్‌లో కోసింది ఒకటి చేతిలో ఉంటే రెండింటినీ ఒకే ఫైల్లో కుట్టకండి, ఏ చట్టం కింద కోశారో అట్ట మీద రాసి విడిగా పెట్టండి.